కెప్టెన్ సుడిగాలి రైలెక్కిన నెల

"ఎగరగలిగినవాడు రైలెందుకెక్కాడయ్యా?"

సంపాదకుడు కెస్లర్ బొమ్మల కథల పత్రికను బల్ల మీద విసిరాడు. కెప్టెన్ సుడిగాలి, యాభై రెండో సంచిక. నగరంలో బ్యాంకును దొంగలు దోచేస్తున్నారు. నాలుగేళ్లుగా న్యూయార్క్ మేడల మీదుగా గిరికీలు కొడుతున్న కెప్టెన్ మాత్రం ముసుగుతో, వీపున వేలాడే కేప్‌తో సహా భూగర్భ రైలు కోసం వరసలో నిలబడ్డాడు.

"కథ నాదే. కానీ రైలు నేనెక్కించలేదు సార్," అన్నాడు ఇర్వింగ్ జెల్మన్.

"మరి వాడంతట వాడే ఎక్కాడా?"

ఇర్వింగ్ నెలకు ఆరు బొమ్మల కథలు రాస్తాడు. పసుపు కాగితాల మీద పెన్సిల్‌తో గీకి టైపిస్టు కార్మెలా బల్ల మీద పడేస్తాడు. ఆమె టైపు చేసి బొమ్మలు వేసేవాడికి పంపుతుంది. పసుపు కాగితాలు చెత్తబుట్టలోకి పోతాయి. అచ్చయిన పుస్తకాన్ని ఇర్వింగ్ తెరిచి కూడా చూడడు. వచ్చే నెల కథే తెమలక చస్తుంటే పోయిన నెలది ఎవడు చదువుతాడని అతని వాదన.

ఆ నెల పరువు కాపాడింది డేటన్ అనే ఊరి నుంచి వచ్చిన ఉత్తరం. క్లైడ్ హోబర్ట్ అనే పాఠకుడు రాశాడు. 'ముందు సంచికలో కెప్టెన్ పొరపాటున ఒక విమానానికి అడ్డుపడ్డాడు కదా. వారం పాటు నేల విడవనని ఆ పైలట్‌కు మాట ఇచ్చి ఉంటాడు. బ్యాంకు పోయినా మాట తప్పలేదు. అందుకే మాకు కెప్టెన్ అంటే ఇష్టం.'

కెస్లర్ రెండుసార్లు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఉత్తరాల పేజీలో అందరికంటే పైన వేయించాడు.

అరవై ఏడో సంచికలో, గోడల అవతలికి చూడగల కెప్టెన్ తాళం కన్నంలోంచి తొంగి చూశాడు. అవతలి గదిలో ఓ ఇల్లాలు ఉందనీ, మర్యాద తెలిసినవాడు గోడల్లోంచి చూడడనీ హోబర్ట్ రాశాడు. తొంభైలో, నీళ్లలో ఊపిరి పీల్చగల కెప్టెన్ నదిలో పడి "కాపాడండి!" అని అరిచాడు. గట్టు మీదున్న ముసలి పోలీసు తానింకా పనికొస్తానని అనుకోవాలని కావాలనే అరిచాడట. పిల్లలు కథ వదిలేసి ముందు హోబర్ట్ ఉత్తరం చదవడం మొదలుపెట్టారు.

ఇర్వింగ్‌కు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఇవేవీ రాసినట్టు గుర్తు లేదు. వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. ఆయన నెలల పేర్లు వెనక నుంచి చెప్పించి, నిక్షేపంలా ఉన్నావు పొమ్మన్నాడు. అది ఇంకా భయపెట్టింది.

"ఇంటికెళ్లే దారైనా గుర్తుందా?" అనేవాడు కెస్లర్, రోజూ సాయంత్రం.

"పోనీలెండి ఇర్వింగ్ గారూ," అని కార్మెలా కాఫీ తెచ్చి పెట్టేది. "నెలకి ఆరు కథలాయె. మనిషన్నాక ఒకటీ అరా జారిపోతుంటాయి."

"నువ్వు చేరిన కొత్తలో ఓ కథ రాసి తెచ్చావు, గుర్తుందా? ఆడవాళ్లకి ఎగిరేవాళ్ల గొడవెందుకని నేనూ కెస్లరూ పగలబడి నవ్వాం. ఇప్పుడు నన్ను చూసి నువ్వు నవ్వాలి తల్లీ."

"అయ్యో, అదా! ఎప్పుడో మర్చిపోయానండీ."

తొంభై ఏడులో కెప్టెన్ నిచ్చెన ఎక్కి కళ్లు తిరిగి పడ్డాడు. కెస్లర్ ఓపిక కూడా అక్కడే పడిపోయింది.

"ఇంకొక్కటి. ఒకే ఒక్కటి. తొంభై ఎనిమిది తప్పు లేకుండా రాలేదో, కెప్టెన్‌ని హోబర్ట్‌కి అప్పగిస్తా. నువ్వు పిల్లుల కథలు రాసుకో."

"నా కూతురికంటే ముందు పుట్టాడు సార్ వాడు."

"అందుకే ఇన్నాళ్లు ఊరుకున్నాను."

ఇర్వింగ్ ఆ నెల మిగతా ఐదు కథలూ పక్కన పెట్టాడు. కెప్టెన్‌ను కన్నబిడ్డలా చూసుకుంటూ రాశాడు. మూడుసార్లు చదివాడు. భార్యకు చదివి వినిపించాడు. ఈసారి కాగితాలు బల్ల మీద పడేయకుండా కార్మెలా చేతికే ఇచ్చాడు.

"నాలుగో పేజీలో పదో అంతస్తుకి ఎగురుతాడు. చూశావుగా? నువ్వే సాక్షి."

"చూశానండీ. బ్రహ్మాండంగా ఎగురుతున్నాడు."

పుస్తకం వచ్చింది. జీవితంలో మొదటిసారి ఇర్వింగ్ తన పుస్తకం తనే తెరిచాడు. నాలుగో పేజీలో కెప్టెన్ సుడిగాలి రొప్పుతూ, ఆరో అంతస్తు మెట్ల మీద కూలబడి, బూట్లు విప్పుకుని కాళ్లు పిసుక్కుంటున్నాడు.

ఇర్వింగ్ కాసేపు ఆ బొమ్మనే చూశాడు. తను రాసిందే ఇదేమో, కార్మెలా జాలిపడి ఎగిరాడని చెప్పిందేమో అనుకునేసరికి ఏడుపొచ్చింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే బల్ల సొరుగు ఖాళీ చేసుకున్నాడు. పిల్లుల కథలు ఇంటి దగ్గర రాసుకుంటానన్నాడు.

"హోబర్ట్‌కి ఉత్తరం కొట్టు," అని కెస్లర్ కార్మెలాకు చెప్పాడు. "అంత దూరం నుంచి రానక్కర్లేదను. కథ టపాలో పంపితే చాలు. టైపు చెయ్యడానికి నువ్వున్నావుగా."

గుమ్మం దగ్గర ఇర్వింగ్ ఆగాడు.

"ఆ హోబర్ట్ మంచివాడే అనిపిస్తున్నాడు. నా తప్పులన్నీ కడుపులో పెట్టుకున్నాడు పాపం. కెప్టెన్‌ని జాగ్రత్తగా చూసుకోమని నా మాటగా రాయి తల్లీ."

"రాస్తానండీ," అంది కార్మెలా, కొంగుతో కాకపోయినా చేతిరుమాలుతో కళ్లొత్తుకుని.

ఆదివారం తన వంటగదిలో కార్మెలా, కెప్టెన్ హాయిగా పదో అంతస్తుకు ఎగిరిపోతున్న ఇర్వింగ్ పసుపు కాగితాన్ని పక్కకు జరిపి, డేటన్‌లో ఉన్న అక్క అక్కడి పోస్టులో వేసేందుకు అంగీకార పత్రం ఒకటి టైపు చేసి, కింద ఎప్పటిలాగే 'క్లైడ్ హోబర్ట్' అని సంతకం పెట్టింది.