టవర్ కాదు, ఎడ్జ్

శనివారం ఉదయం పదిన్నరకు సార్జెంట్ ఆల్డస్ పినాక్ తాడు దగ్గర ఒక తుపాకీని ఆపేశాడు.

యార్క్‌షైర్‌లో గొర్రెలు మేసే మైదానం అది. 1759 నాటి యుద్ధాన్ని ఆ కాలపు దుస్తుల్లో మళ్లీ ఆడి చూపించే దళం అక్కడ గుడారాలు వేసింది. గుడారాల చుట్టూ తాడు కట్టింది. ఆ ఏడాది తర్వాత పుట్టినదేదీ తాడు దాటకూడదు. మనుషులకు మాత్రం మినహాయింపు. ఆ కాపలా పినాక్‌ది. పోయినేడాది ప్యాంటుకు జిప్పు ఉందని సొంత బావమరిదిని ఇంటికి పంపాడు.

తుపాకీ చేసింది లొరేన్ థ్వెయిట్. ఆమె అన్న డెస్మండ్ ఆ దళానికి కెప్టెన్. పాతికేళ్ళు చేసి ఆ రోజు దిగిపోతున్నాడు. పన్నెండింటికి దళమంతా వరుసలో నిలబడి ఉండగా తుపాకీని ఆయన ముందు పెట్టాలి. దాన్ని బల్ల మీద ఉంచి ఇద్దరు మోసుకొచ్చారు. దళం పెంచుకునే కుక్క బల్ల వెనకే వచ్చి కింద కూర్చుంది.

పినాక్ భూతద్దం తీశాడు.

“చెయ్యి వెయ్యకండి సార్జెంటు గారూ. మచ్చలు పడతాయి.”

“వెయ్యనులే. కిరీటం బావుంది. రాజుగారి అక్షరాలు బావున్నాయి. సర్కారు సొత్తని చెప్పే బాణం గుర్తూ ఉంది. మరి ఇదేంటమ్మా, టవర్ అని?”

“తుపాకుల మీద లండన్ టవర్ ఆయుధశాల ముద్రే కదండీ ఉంటుంది?”

“ఉంటుంది. ఇంకో ఐదేళ్ళు పోయాక! మన యుద్ధం నాటికి చేసినవాడి పేరు, చేసిన ఏడాది వేసేవాళ్ళు. వెనక్కి తీసుకెళ్ళు.”

“ఒక్క మాటకా?”

“ఒక్క మాటకే.”

“మా అన్నయ్య అసలు చూడనే చూడడండీ. కళ్ళజోడు లేకపోతే ఆయనకి గుర్రమే కనపడదు.”

“నేను చూశాగా.”

“మీ పెళ్ళిలో నా పనికి వంక పెట్టలేదే మీరు!”

“పెళ్ళికి తాడు కట్టలేదమ్మా.”

మబ్బు తొలగి ఎండ వచ్చింది. లొరేన్ ఆకాశం వైపు చూసి, తుపాకీ మీద గొడుగు పట్టింది.

“ఇది రేపటిదాకా ఆగేది కాదండీ.”

“రూలు మాత్రం రేపూ ఉంటుంది.”

“సరే. దిద్దుకొస్తా. ఎవరి పేరు వెయ్యమంటారు?”

“ఎడ్జ్. కింద 1756. అంకెలు వంకర పోకూడదు.”

ఆమె బల్లను వ్యాను నీడలోకి మోయించింది. చిన్న చాకుతో టవర్ అనే మాటను చెరిపి, ఆ చోటును నునుపు చేసింది. కొత్త పేరు వేసింది. అంకెల దగ్గర ఊపిరి బిగపట్టింది. కుక్క ఆమె చేతినే చూస్తూ కూర్చుంది.

పదకొండున్నరకు బల్ల మళ్ళీ తాడు దగ్గరకు వచ్చింది. పినాక్ వంగాడు.

“దాని మీద ఊపిరి వదలకండి. మెరుపు పోతుంది.”

“ఐదు కొంచెం పొట్ట పెంచింది.”

“మీకంటే తక్కువే లెండి.”

పినాక్ నవ్వలేదు. బొత్తం సర్దుకున్నాడు.

“పేలుతుందా?”

“పేలదండీ.”

“అయితే పేలుడు సంగతి నాకొద్దు. నా డ్యూటీ రాతలు చూడటం. రాతలు కరెక్టు.”

తాడు పైకెత్తాడు. బల్ల లోపలికి వెళ్ళింది. వెనకే కుక్క వెళ్ళింది.

పన్నెండింటికి దళం వరుసలో నిలబడగా కెప్టెన్ డెస్మండ్ థ్వెయిట్ కత్తి దూసి తుపాకీని ముక్కలు కోశాడు, ‘ఎడ్జ్ 1756’ అని ఉన్న కేకు ముక్క సార్జెంట్ పినాక్ ప్లేటులో పడింది, ఆయన దాని మీద ఇంకాస్త క్రీము అడిగాడు.