అమీన్ సాబ్ తెలుగు

తెలుగు ఊళ్ళ మీదికి తెలుగు సరిగ్గా రాని పోలీసు అమీన్‌ను తోలిన పెద్దమనుషులారా, తప్పు మీది. పిల్లలది కాదు. పాదిరి బడిది అసలే కాదు. ఇప్పుడు ఎవరి మీద పళ్ళు కొరికినా లాభం లేదు. జరిగింది వినండి.

కట్టంగూరు అవతల ఆ మిషన్ బడికి ఒకటే హాలు. మూలకొక తరగతి. ఒక మూల చిన్నపిల్లలు ఇసుకలో వేలు పెట్టి అక్షరాలు దిద్దుతారు. ఇంకో మూల రెండో తరగతి ఎక్కాలు అరుస్తుంది. మూడో తరగతికి వ్యాకరణం. నాలుగో తరగతికి దేవుని పది ఆజ్ఞలు. ఎవరి పాఠం వాళ్ళదే, చెవులు మాత్రం అందరివీ. అందుకే ఇసుకలో దిద్దే పిల్లకు కూడా తెలుసు, అబద్ధమాడితే నరకమని.

ఆ పొద్దున బడి ముందు అమీన్ గుర్రం దిగాడు. వెనక జవాన్లు. పక్కన చేతులు కట్టుకుని రాయప్ప. పాదిరి గుడికి అతనే పెద్ద, ఆదివారం ముందు వరస అతనిది. మిగతా రోజుల్లో దొర గడీలో గడప పక్క జాగా అతనిది. ఠాణాకు చాడీ మోసింది కూడా అతనే.

"మా బడిల సంఘపు దళానికి పెద్ద దాక్కున్నట్టు వింటున్న సాబ్. ఎవరో నాకు సుత ఎరుక లేదు."

సంఘమంటే తెలుసు కదా, దొరల వెట్టిని నిలదీసి తుపాకి పట్టిన సంఘం.

పెద్దపంతులు ఏసోబుకు సంగతి తెలుసు. చాడీ నిజమే. ఆ మనిషికి ఆ కప్పు కింద చోటిచ్చింది తనే. ఒక్క పిల్ల నోరు జారితే ఆ మనిషికి తూటా, బడికి నిప్పు. అబద్ధమాడొద్దని ఆ పిల్లలకు రోజూ నూరిపోసిందీ తనే.

జవాన్లు హాల్లో ప్రార్థన పీఠం వెనక చూశారు. అటక ఎక్కారు. గబ్బిలాలు లేచాయి. అంతే.

అమీన్ పిల్లల మీద పడ్డాడు.

"ఏయ్ చిన్నోడా. బడికి బయటోడు ఎవడన్న వచ్చిండా?"

ఒకటో తరగతి పిల్లవాడు ఇసుకలోంచి వేలు తీశాడు. "వచ్చిండు."

"ఎవడు?"

"నువ్వే."

అమీన్ రెండో తరగతికి జరిగాడు. "మీ ఊర్ల సంఘం ఉన్నదా?"

"ఉన్నది సాబ్." తరగతి తరగతంతా ఎక్కంలాగే అరిచింది.

అమీన్ మీసం లేచింది. "ఎక్కడ కూడుతరు?"

"గుడిల. ఐతారం నాడు."

"ఏం చేస్తరు?"

"మోకాళ్ళ మీదుండి పాటలు పాడుతం. పెద్దోళ్ళు నిద్రపోతరు."

మూడో తరగతి బోర్డు మీద 'తాత వచ్చిండు', 'అవ్వ వచ్చింది' అని రాసి ఉంది. రాజమణి టీచరమ్మ బెత్తం పట్టుకుని నిలబడింది. అమీన్ ఒక పిల్లవాడి చెవి పట్టాడు. "నీ టీచరమ్మ ఏం చెప్తుండు?"

"చెప్తుండు కాదు సాబ్. చెప్తాంది."

హాలంతా కిసకిస. రాజమణి బెత్తంతో బల్ల మీద కొట్టింది.

"నవ్వొద్దు. సాబ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటుండు."

అమీన్ మొహం కందగడ్డయింది. "ఆడ, మగ నాకెందుకు? నాకు కావాల్సినోడు దొరికితే చాలు."

చివరికి నాలుగో తరగతి. అందులో గోపమ్మ అనే పిల్ల. పది ఆజ్ఞలు తడుముకోకుండా అప్పజెప్పేది ఆమె ఒక్కతే. అమీన్ ఆమెనే లేపాడు.

"అబద్ధం చెప్తే ఏమైతది?"

"నరకంల కాలుతం."

"మంచిది. సంఘానికి పెద్ద ఎవడు?"

"రాయప్ప తాత."

రాయప్ప నోరు తెరిచాడు.

"ఇంకెవడన్న ఉన్నడా? దళం నడిపేటోడు, ఈడ దాక్కున్నోడు, అసుమంటోడు?"

ఏసోబు కళ్ళు మూసుకున్నాడు. గోపమ్మ హాలంతా ఒకసారి చూసింది. మరియతల్లి పటం చూసింది.

"ఈ బడిల అసుమంటోడు ఒక్కడు సుత లేడు సాబ్. మరియతల్లి తోడు."

అమీన్ రాయప్ప వైపు తిరిగాడు. "సంఘం పెద్ద నువ్వేనా?"

"నేనే సాబ్. కని గీ సంఘం వేరు, గా సంఘం వేరు..."

"రెండు సంఘాలా? రెండిట్ల ఉన్నవా నువ్వు?"

"అయ్యో, మా సంఘంల పాటలే సాబ్..."

"ఠాణాల పాడుదువు పా."

రాయప్పను తాడుతో కట్టి గుర్రం వెనక నడిపించారు. ఒకటో తరగతి వాకిట్లోకి వచ్చి చేతులూపింది.

దుమ్ము అణిగాక ఏసోబు గోపమ్మను దగ్గరికి పిలిచాడు.

"నీకు అంతా ఎరుకనే గద బిడ్డా. మరియతల్లి తోడని అబద్ధమాడినవా?"

గోపమ్మకు కోపమొచ్చింది.

"నేనెందుకాడుత పంతులూ? సాబ్ ఏదడిగిండో దానికే చెప్పిన. అడగంది నేనెందుకు చెప్త?"

కాబట్టి పెద్దమనుషులారా, ముందు ఆ రాయప్ప కట్లు విప్పండి. తర్వాత మీ అమీన్‌ను మూడో తరగతిలో కూర్చోబెట్టి 'ఎవడు'కూ 'ఎవతె'కూ తేడా నేర్పించండి, కానీ అందుకు వేరే టీచరమ్మను వెతుక్కోండి, ఎందుకంటే రాజమణి తన దళాన్ని నడిపించుకోవడానికి తిరిగి గుట్టల్లోకి పోయింది.