ఆఫా కట్ట మీద తోడు

"బెరిల్, నీకో మాట చెప్పాలి," అన్నాడు లయొనెల్, కంచె దాటే చెక్కమెట్ల మీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి.

"ముందు దిగు. పడతావు."

"మా అమ్మ..."

"అదిగో, మిస్టర్ ప్రాసర్!" అంది బెరిల్.

కంచె అవతల గడ్డిలో ప్రాసర్ బూటు విప్పుకుని కూర్చున్నాడు. లయొనెల్ అమ్మ సంగతి గుటకేసి నవ్వు మొహం పెట్టాడు.

"మీరు కానివ్వండి. బూట్లో రాయి పడింది, నాకు చాలాసేపు పడుతుంది," అన్నాడు ప్రాసర్.

"భలేవారే! మాకేం తొందర?" అన్నాడు లయొనెల్.

మర్యాదస్తులు కదా, ఇద్దరూ నిలబడ్డారు. ప్రాసర్ ఇరవై నిమిషాలు వెతికాడు. రాయి దొరకలేదు.

పన్నెండు వందల ఏళ్ళ కిందట ఆఫా అనే రాజు, వేల్స్ వాళ్ళు ఇటు రాకుండా ఇంగ్లండు సరిహద్దు పొడుగునా మట్టికట్ట పోయించాడు. ఆ కట్ట వెంబడి ఇప్పుడు జనం సెలవులు పెట్టి మరీ నడుస్తున్నారు. ఈ నడకలు ఏర్పాటు చేసే కంపెనీ వాడు మ్యాపు చేతికిస్తాడు, పెట్టెలు వ్యాన్లో ముందు ఊరికి చేరేస్తాడు, బస బుక్ చేస్తాడు. గైడు మాత్రం ఉండడు. 'మీ వెంట ఎవరూ ఉండరు' అని కరపత్రం మీద పెద్దక్షరాల్లో వేశాడు. లయొనెల్ ఆ ముక్క చూసే డబ్బు కట్టాడు.

ఎందుకంటే, ఎనభై నాలుగేళ్ళ వాళ్ళమ్మ వచ్చే సోమవారం సామానుతో సహా వాళ్ళింటికి వచ్చేస్తోంది. ఇక ఉండిపోతుంది. నెల కిందట ఆవిడ ఫోన్లో అడిగితే లయొనెల్ "సరే" అనేశాడు. బెరిల్‌ని అడగలేదు. పెళ్ళికేకు దగ్గర మొదలెట్టి ఈ ముప్ఫై ఏళ్ళలో అత్తాకోడళ్ళకి ఒక్క విషయంలోనూ పొత్తు కుదర్లేదు. అందుకని నడిచే పన్నెండు రోజుల్లో ఎక్కడో ఒక కొండమీద చెప్పేద్దామనుకున్నాడు. కొండమీద దభాల్న వేసుకోడానికి తలుపులుండవు.

అయితే మొదటిరోజే చెప్‌స్టోలో ఓ పొరపాటు చేశాడు. ఒంటరిగా నిలబడ్డ ఒక పెద్దమనిషితో, "ఇవాళ ఎండ బాగుందండీ," అన్నాడు. ఆ పెద్దమనిషి ప్రాసర్. ఆయనదీ ఇదే కంపెనీ, ఇవే బసలు.

అప్పట్నుంచీ జిగురే. వీళ్ళు గబగబా నడిస్తే ముందెక్కడో రొప్పుతూ దొరికేవాడు. నెమ్మదిగా నడిస్తే ఏ చెట్టుకిందో లేసులు కట్టుకుంటూ ఉండేవాడు. ఆరోరోజు కావాలనే దారి తప్పి, రెండు మైళ్ళు చుట్టు తిరిగి, మ్యాపులో లేని పబ్బు ఒకటి పట్టుకున్నారు. అక్కడ మూల బల్ల దగ్గర పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ప్రాసర్!

"పొంచి కూర్చున్నాడు చూడు," అన్నాడు లయొనెల్ గుసగుసగా.

"చూసీ పిలవకపోతే బావుండదు," అంది బెరిల్.

పిలిచారు. ప్రాసర్ పేపరు దించి, నిట్టూర్చి, వచ్చి కూర్చున్నాడు.

"మాకు కాస్త ఏకాంతం కావాలండీ అని చెప్పేయొచ్చుగా?" అన్నాడు లయొనెల్ ఆ రాత్రి.

"నువ్వు చెప్పు."

"ఆయన నిన్న నా టోపీ ఎత్తిచ్చాడే!"

"మరింకేం. నోర్మూసుకుని నడు."

పదకొండోరోజు సాయంత్రానికి లయొనెల్‌కి ఆకలి చచ్చిపోయింది. మర్నాడు ప్రెస్టాటిన్‌లో సముద్రం వచ్చేస్తుంది, నడక అయిపోతుంది. బెరిల్ కూడా రెండ్రోజులుగా అదోలా చూస్తోంది. సరిగ్గా అప్పుడు ప్రాసర్ వాళ్ళ బల్ల దగ్గరికొచ్చి, చేతులు నలుపుకుంటూ అడిగాడు.

"రేపు... ఎన్నింటికి బయల్దేరతారు?"

లయొనెల్ ఇన్నేళ్ళలో అబద్ధమాడి ఎరగడు, అమ్మ సంగతి తప్ప. "ఎనిమిదింటికండీ. టిఫిన్ చేసి, నెమ్మదిగా."

ప్రాసర్ మొహం వెలిగిపోయింది. "ఎనిమిదికా! నేనూ అంతే!"

తెల్లారి ఐదున్నరకి భార్యాభర్తలు బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగారు. తినకుండా పోతున్న టిఫిన్ సాసేజీలకి మూడుసార్లు క్షమాపణ చెప్తూ బస ఆవిడకి చీటీ రాసిపెట్టారు. కొండెక్కేసరికి చెయ్యి చాస్తే కనబడనంత మంచు. దారి పక్కన రాళ్ళు పేర్చి కట్టిన పాత గొర్రెల దొడ్డి ఉంది.

"ఇందులో కూర్చుంటే ఆయన పక్కనుంచి పోయినా కనబడం," అన్నాడు లయొనెల్.

మూలన ఏదో కుప్ప మీద ఆకుపచ్చ టార్పాలిన్ కప్పి ఉంది. దాని పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నారు. లయొనెల్ కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"అమ్మ సోమవారం వస్తోంది. ఉండిపోవడానికి. సరేనంది నేనే."

దగ్గర్లో ఏదో గొర్రె దగ్గింది.

"తెలుసు," అంది బెరిల్. "బయల్దేరే ముందురోజు మీ అమ్మే ఫోన్ చేసింది. కర్టెన్లు మార్చమంది."

"తెలిసీ ఇన్నాళ్ళూ..."

"నీ నోటితో చెప్తావేమోనని చూశా. ఇవాళా చెప్పకపోతే ప్రెస్టాటిన్ స్టేషన్లో నిన్నొదిలేసి మా అక్క దగ్గరికి పోదామనుకున్నా. టికెట్టు కూడా కొన్నా."

లయొనెల్ కళ్ళు తెరిచాడు. "మరి ఇప్పుడో?"

"ఇప్పుడు నీ రైలుబొమ్మలు అటకెక్కుతాయి. ఆ గది మీ అమ్మది. వంటింట్లో మాత్రం కాలు పెట్టకూడదు."

పన్నెండు రోజుల్లో మొదటిసారి లయొనెల్ గుండెల నిండా గాలి పీల్చాడు. ధైర్యమొచ్చి గొంతు కూడా పెరిగింది.

"ఆ ప్రాసర్ లేకపోతే మొదటిరోజే చెప్పేసేవాణ్ణి! ఎంత జిడ్డు మనిషే బాబూ!"

టార్పాలిన్ తుమ్మింది. అది టార్పాలిన్ కాదు, వానకోటు. కోటు కిందనుంచి కందగడ్డలాంటి మొహం మెల్లగా పైకొచ్చి, వాళ్ళని నిష్ఠూరంగా చూసింది.

"ఎనిమిదింటికి బయల్దేరతామన్నారు కదండీ!" అన్నాడు ప్రాసర్.