పుట్టిన ఊరి పేరు

“లేవండి సారీనా. ఓడ మీ ఒక్కరి కోసం ఆగింది,” అంది డాక్టర్ బెనెదెత్తా.

“నా కోసం ఆగలేదు డాక్టరమ్మా. నా వల్ల ఆగింది,” అంది సారీనా.

ఆ మాట నిజమే. రేవులో ఓడను కట్టే నల్లరాతి దిమ్మ మీద, తొమ్మిదో నెల పొట్టతో, కాళ్లు ఎడంగా పెట్టుకుని ఆమె కూర్చుంది. ఓడ వెనక తాడు ఆ దిమ్మకే తగిలించి ఉంది. ఆమె లేస్తే గానీ తాడు రాదు. తాడు వస్తే గానీ ఓడ కదలదు.

దీవి చూడ్డానికి పొద్దున వచ్చిన జనమంతా అప్పటికే ఓడెక్కి, పైనుంచి కమ్మీలకు ఆనుకుని చూస్తున్నారు.

“తాడు కోసెయ్యండయ్యా! మాకు రైలుంది!” అని ఒకాయన అరిచాడు.

“కోస్తాను. తర్వాతి రేవులో ఓడను నీ నాలుకతో కడతాను, పొడుగ్గానే ఉంది,” అన్నాడు కెప్టెన్ గాయెతానో, కిందికి దిగి వస్తూ. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. “అమ్మాయ్, నీ పెళ్లికి చుట్టాలందర్నీ ఈ ఓడలోనే తెచ్చాను. ఇంతమందిలో నా పరువు తియ్యకు. ఎక్కు.”

“ఎక్కను బాబాయ్. పెద్దాడి కాన్పుకు బుద్ధిగా ఎక్కాను. ఏమైంది? అవతలి ఒడ్డు ఆసుపత్రిలో కన్నానని, వాడు పుట్టిన ఊరు మిలాజో అని రాసిచ్చారు. నాకూ మిలాజోనే రాశారు. మా ఆయనకీ అంతే. ఎనిమిదో నెల దాటగానే ఆడవాళ్లని ఓడెక్కించి పంపేస్తున్నారు. ఇక కొన్నాళ్లకి ఈ దీవిలో పుట్టినవాళ్లు ఒక్కరూ మిగలరు. ఎవరూ పుట్టని చోట బడి ఎందుకు, ఓడ ఎందుకు అని ఆ రాసిచ్చే అధికారులే అడుగుతారు. అప్పుడు ఏం చెప్తావు?”

కెప్టెన్ డాక్టరు వైపు చూశాడు.

“ఇక్కడ ఆపరేషన్ గది లేదు, ఎక్కించడానికి రక్తం లేదు,” అంది బెనెదెత్తా. “ఏదైనా అడ్డం తిరిగితే నేనొక్కదాన్ని ఏం చెయ్యను? పైగా ఆ నిప్పుకొండ...”

కొండ దగ్గింది. శిఖరం మీద బూడిద రంగు పొగ లేచింది. ఓడ మీదివాళ్లు ఫోన్లు పైకెత్తారు. రేవులో ఉన్నవాళ్లెవరూ తల తిప్పలేదు.

“ఆ కొండగాడి సంగతి వదిలెయ్. మా తాత పుట్టినప్పుడూ దగ్గాడు,” అంది సారీనా.

ఆమె అత్త నిన్ఫా ఇక ఓర్చుకోలేకపోయింది. “ఎందుకే ఈ మొండితనం? మేమంతా కనలేదా? నోరు మూసుకుని వెళ్లి కని రాలేదా?”

“మీరంతా నోరు మూసుకుని వెళ్లారు గనకే అత్తా, నేను తెరవాల్సి వచ్చింది.”

సారీనా తాడును రెండు చేతులా పట్టుకుని, పెదవులు బిగించి సముద్రం వైపు చూసింది. కాసేపటికి ఆమె గొంతు మెత్తబడింది.

“సరే, ఎక్కుతాను. నా తలగడ తెప్పించండి. అది లేకపోతే నాకు నిద్రపట్టదు.”

ఇల్లు ఊరికి పైకొసన ఉంది. దారంతా మెట్లే. నిన్ఫా సణుగుతూ కంచరగాడిదను తోలుకుని పైకి వెళ్లింది. ఓడ మీద ఒక పాప ఏడుపు మొదలుపెట్టింది. రైలాయన ఫోన్లో ఇంకో రైలు వెతుక్కుంటున్నాడు.

తలగడ వచ్చింది.

“ఖాళీ కడుపుతో ఓడెక్కితే కక్కుతాను,” అంది సారీనా.

రేవు పక్క అంగట్లోంచి రొట్టె మీద టమాటా ముక్కలు, ఉప్పులో ఊరిన కేపర్ మొగ్గలు వేసి తెచ్చిచ్చారు. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

“తినవే!” అంది నిన్ఫా.

“తింటాను. తొందరపెడితే గొంతుకు అడ్డం పడుతుంది.”

బెనెదెత్తా ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. “మీతో అబద్ధం చెప్పను సారీనా. నాకు భయం. పక్కన పెద్ద డాక్టరు లేకుండా నేను ఒక్క కాన్పూ చెయ్యలేదు.”

“మా వాడి తలకి కుట్లు వేసింది నువ్వేగా? ఇప్పుడు మచ్చ కూడా లేదు,” అని సారీనా ఆమె చేతుల వైపు చూసింది. తర్వాత కెప్టెన్‌ని పిలిచింది.

“ఇదొక్కటే బాబాయ్, ఇంకేం అడగను. బయట చచ్చిపోయినవాళ్లని పూడ్చడానికి ఇక్కడికి తెస్తావు కదా, అప్పుడు రేవు చేరేముందు పొడుగ్గా కూత వేస్తావు.”

“వేస్తాను. అది మన ఆనవాయితీ.”

“శవానికి వేసే కూత నా బిడ్డకు వెయ్యవా?”

కెప్టెన్ టోపీ సర్దుకుని పైకి వెళ్లాడు.

ఓడ కూసింది. ఆ కూత కొండకు తగిలి వెనక్కి వచ్చింది. రేవంతా ఓడ వైపే చూసింది. నిన్ఫా కళ్లు తుడుచుకుంది. కెప్టెన్ చాలాసేపు కూత ఆపలేదు.

కూత ఆగేసరికి సారీనా నోరు ఇంకా తెరిచే ఉంది. ముఖం నిండా చెమట. అది చూసింది డాక్టరు ఒక్కతే.

“అన్నీ అయ్యాయి, ఇక రండి,” అని బెనెదెత్తా చెయ్యి చాచింది. “మీ కాళ్ల దగ్గర తడిగా ఉంది, జారతారు.”

సారీనా ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది, కానీ లేవలేదు.

“ఇవాళ సముద్రంలో అలే లేదు కదా డాక్టరమ్మా, ఆ తడి ఎక్కడిదనుకున్నావు? తలగడ అడిగేటప్పటికే నొప్పులు మొదలయ్యాయి. నన్ను ఇంటికి మోయించి, బాబాయిని తాడు విప్పుకొమ్మను.”