ముందే క్షమించండి, ఫాదర్

శనివారం సాయంత్రం అమెరికాలోని మా మిల్వాకీ చర్చిలో, చేసిన పాపాలు ఫాదర్‌కి చెప్పుకునే పాపసంకీర్తనానికి మోకరిల్లుతుంటే నా బేస్‌బాల్ బ్యాటు చెక్కకు తగిలి టక్కుమంది.

"ఏంటా చప్పుడు?" జల్లెడ తెర వెనకనుంచి ఫాదర్ కాజిమిర్ అడిగారు.

"బ్యాటు ఫాదర్. సోమవారం ఆ గర్భస్రావాల క్లినిక్ డాక్టరు మోకాళ్ళు విరగ్గొడతాను. ముందే క్షమించేయండి."

ఆయనకు నవ్వాగక దగ్గొచ్చింది. "ముందే తీసుకోడానికి ఇదేమన్నా సినిమా టికెట్టా?"

"ఇతరుల్ని కాపాడటం పాపం కాదని మీరేగా చెప్పారు! కడుపులో బిడ్డల్ని కాపాడొద్దా?"

"కాపాడాలి. డాక్టర్ని మాత్రం వద్దా? బ్యాటు ఇక్కడ పెట్టు. సోమవారం ఆ గేటు దగ్గర జపమాల చెప్పు. ఎవడైనా ఆయన మీద చెయ్యెత్తితే అడ్డంగా నిలబడు. ఇదే నీ ప్రాయశ్చిత్తం."

ఉత్త చేతులతో బయటపడ్డాను. ఎందుకో ఒళ్ళు తేలికై, ఇంటిదాకా ఈల వేస్తూనే ఉన్నాను.

సోమవారం వెళ్ళేసరికి, చర్చిలో పాటలు పాడే ఎనభై ఏళ్ళ లొరెట్టా మామ్మ అప్పటికే గేటు దగ్గర జపమాలతో కాపలా కాస్తోంది. మమ్మల్ని చూసి డాక్టరు లోపలికి పరుగెత్తాడు.

మామ్మ నా చెవి దగ్గరికి వంగింది. "నువ్వేం ఇచ్చేశావురా ఫాదర్‌కి?"

"బ్యాటు. మరి నువ్వు?"

"సుత్తి."