ఎవరూ ఓడని ఆట

"బంతి పక్కనుంచే పోతుంటే గుడ్లప్పగించి చూస్తావేంరా!"

కోచ్ విసిరిన బూటు గోల్‌కీపర్ చెవి పక్కనుంచి దూసుకెళ్ళి ఇనప బీరువాకు తగిలింది. డ్రెస్సింగ్ రూములో మిగతా ఆటగాళ్ళు తలలు వంచుకుని సాక్సులు విప్పుకుంటున్నారు. బయట జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు.

మామూలు ఆటైతే రెండు రోజులు తిట్టి ఊరుకునేవారే. ఇది సరిహద్దు కొండ కోసం ఆడిన ఆట. ఇకమీదట తగువులన్నీ ఫుట్‌బాల్‌తోనే తేల్చుకుంటామని రెండు దేశాల పెద్దలూ కొన్నేళ్ళ కిందటే ఒట్టు పెట్టుకున్నారు. పెద్దల ఒట్లు! గెలిచినవాళ్ళకు కొండ. తీరా గెలవబోతున్న ఆట చివరి నిమిషంలో ఒకటి-ఒకటి అయి కూర్చుంది.

"నోటి దగ్గరి ముద్ద నేలపాలు చేశావు కదరా! వాళ్ళ దగ్గర ఎంత తిన్నావు?"

కోచ్ అతనికి సొంత బాబాయే. అయినా ఆ మాటకు గోల్‌కీపర్‌కు ఒళ్ళు మండిపోయింది. గ్లవ్స్ ఊడబీకి నేలకేసి కొట్టాడు.

"నేను తిన్నానా? ఆ కొండ మా అన్నని తింది బాబాయ్! అవును, కావాలనే వదిలేశా. మనం కొట్టిన గోలు కూడా వాళ్ళ కీపర్ వదిలిందే. ఇద్దరం ముందే అనుకున్నాం. మనం గెలిస్తే వాళ్ళకి కసి, వాళ్ళు గెలిస్తే మనకి కసి. ఎవరూ ఓడకపోతే పీడా పోతుంది!"

కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది కోచ్‌కు. "ఈ సంగతి మంత్రిగారికి తెలిస్తే నీ తోలు ఒలుస్తాడ్రా" అన్నాడు, గొంతు తగ్గించి.

అంతలోనే తలుపు ధడాలున తెరుచుకుంది. రక్షణమంత్రి. అందరూ బిక్కచచ్చిపోయి లేచి నిలబడ్డారు. ఆయన నేరుగా వచ్చి గోల్‌కీపర్‌ను గట్టిగా కావలించుకున్నాడు.

"భలేవాడివయ్యా! దేశానికి ఎంత మేలు చేశావో నీకు తెలీదు."

గోల్‌కీపర్‌కు ఏడుపు ఆగలేదు. "మా అన్న కొడుక్కి మొన్ననే పద్దెనిమిదేళ్ళు నిండాయి సార్. వాడైనా తుపాకీ పట్టకుండా బతకాలనే..."

మంత్రి ఎంతో ప్రేమగా అతని భుజం తట్టాడు.

"ఆట సమమైతే యుద్ధంతోనే తేల్చుకోవాలని ఒప్పందంలో రాయించింది నేనేనయ్యా. ఇన్నాళ్ళూ ఒక్క ఆటా సమం కాక చచ్చాం. పద్దెనిమిదన్నావు కదూ? పొద్దున్నే పంపించు."