అన్నీ నల్లవే

పాముగుడ్లు సర్దిన డబ్బా దగ్గర్నుంచి మామ కదలడం లేదు. అరవై రోజులు నిండాయి. ఈపాటికి చీలాలి.

"అన్నీ నల్లవే పుట్టాలి కదమ్మా?" పొద్దుట్నుంచి ఇది పదోసారి.

"అవును మావయ్యా. ఆయన రాసిపెట్టారుగా," అంది కోడలు.

ఆ రాసినవాడు పోయి ఏడాది. పాములు పెంచేవాడికి పిల్లనిచ్చారా అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు గానీ, అతనికి ఇళ్లలో పెంచుకునే ఆ నల్ల కార్న్ స్నేక్ పాముల జంటే లోకం. విషం లేదు, పాడూ లేదు. కాగితం మీద గళ్లు గీసి మరీ లెక్క తేల్చాడు: రెండూ ఒకే రకం నలుపు, పిల్లల్లో ఇంకో రంగుకు చోటే లేదు. కాగితం ఇంకా గోడకే ఉంది.

కొడుకు పోయాక మామ అన్నం ముట్టిందీ తక్కువే, నోరు విప్పిందీ తక్కువే. ఈ గుడ్లు వచ్చాకే మనిషి కాస్త లేచి తిరుగుతున్నాడు.

"వాడివంటూ నీకు మిగిలినవి ఇవేగా తల్లీ," అన్నాడు ఓ రోజు.

కోడలి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే మగపాము చచ్చి ఎనిమిది నెలలు. మామ కంటి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో ఉన్నప్పుడు. చెబితే ఈయన కూడా దక్కడేమోనని, అచ్చం అలాంటిదే కొనుక్కొచ్చి గాజుపెట్టెలో వదిలింది. షాపువాడు అప్పుడే అన్నాడు: "నలుపులో రెండు రకాలమ్మా. పైకి ఒకటే, లోపలి జీన్ వేరు. ఆ రకాన్నీ ఈ రకాన్నీ కలిపితే ఒక్కటీ నల్లది రాదు. పిల్లలు పుడితేగానీ తెలీదు."

ఆ రోజునుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఒక్క నల్లది, ఒక్కటంటే ఒక్కటి!

గుడ్డు చీలింది. చిన్న తల బయటికొచ్చింది.

గోధుమరంగు, మీద నారింజ మచ్చ.

రెండోదీ అంతే. మూడోదీ అంతే.

మామ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. అయిపోయింది! కోడలు ఆయన కాళ్ల దగ్గర కూలబడి బావురుమంది.

"క్షమించండి మావయ్యా. ఆ మగది ఆయన పెంచింది కాదు. ఆయనది ఎప్పుడో పోయింది. మీరు తట్టుకోలేరని నేనే ఇంకోటి తెచ్చి పెట్టాను."

మామ ఆమె తలమీద చెయ్యి వేశాడు.

"నువ్వు పుట్టింటికెళ్లినప్పుడు ఆడదీ పోయిందమ్మా, నువ్వు తట్టుకోలేవని నేనూ ఇంకోటి తెచ్చి పెట్టాను."